చెల్లుబాటు: జనగామ, మానుకోట, భూపాలపల్లిలో చెల్లింపుల చరిత్ర

డబ్బు గురించి తెలుగువాళ్లు వాడే మాటల్లో 'చెల్లు' చాలా పాతది. నాణెం చెల్లుతుంది, నోటు చెల్లుతుంది, బాకీ చెల్లుతుంది. ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య ఎవరో ఒకరు పూచీ పడితేనే ఏ డబ్బైనా చెల్లుతుంది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో గత నూట యాభై ఏళ్లలో ఆ పూచీ చాలాసార్లు చేతులు మారింది. ధాన్యం కొలిచే కుంచం, నిజాం టంకశాల, షరాబు గీటురాయి, బ్యాంకు పాస్‌బుక్కు, వేలిముద్ర, మొబైల్ నంబరు వరసగా ఆ పని చేశాయి. స్మార్ట్‌ఫోన్ వాలెట్‌లోకి బ్యాంకు కార్డు ఎక్కకపోవడం ఈ వరసలో తాజా చిక్కు.

ఈ మూడూ 2016 అక్టోబర్ 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జిల్లాలు. జనగామ, మహబూబాబాద్ రైలు దారి మీది ఊళ్లు. మానుకోట అన్న పాత పేరున్న ఊరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుతో మహబూబాబాద్ అయింది. జనం నోట ఇప్పటికీ మానుకోటే. భూపాలపల్లికి రైలు లేదు. అడవి, బొగ్గు గనులు, చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఆ ఊరి బతుకుతెరువు. వ్యవసాయ మార్కెట్టు, తండా, గని, అడవి అనే నాలుగు రకాల ఆర్థిక జీవితాలు ఈ మూడు జిల్లాల్లో పక్కపక్కనే ఉన్నాయి. అందుకే ఒక్కో కొత్త చెల్లింపు పద్ధతి ఒక్కో చోట ఒక్కో వేగంతో అలవాటైంది.

కొలతే డబ్బైన కాలం

నాణెం ఊళ్లలో అరుదుగా కనిపించిన రోజుల్లో పనికి ప్రతిఫలం ధాన్యంలోనే ముట్టేది. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు సరిపిన కమ్మరికి, బట్టలు ఉతికిన చాకలికి, క్షవరం చేసిన మంగలికి ఏడాది పని లెక్క కళ్లంలో తేలేది. పంట రాశి పోసినప్పుడు వాళ్లకు దక్కే వాటాను 'మేర' అనేవారు. సోలెడు, తవ్వెడు, మానెడు, అడ్డెడు, కుంచెడు అన్నవి ఆ కాలపు చిల్లరా, పెద్ద నోట్లూ.

అప్పు కూడా ధాన్యంలోనే నడిచేది. విత్తనాల వేళ తెచ్చుకున్న గింజలకు పంట రాగానే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇచ్చే పద్ధతిని 'నాగు' అన్నారు. కొలిచే పాత్ర ఎవరిదన్నది ఆ లెక్కలో చిన్న విషయం కాదు. పాత్ర, లెక్క పుస్తకం రెండూ అప్పిచ్చినవాడి ఇంట్లోనే ఉంటే, తీర్చానన్న రైతు మాటకు సాక్ష్యం ఉండేది కాదు.

చెల్లింపే లేని పని కూడా ఉండేది. అదే వెట్టి. జనగామ ప్రాంతం దాని మీద తిరగబడిన నేల. అప్పట్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. 1953లో వరంగల్‌లో కలిసింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని భూమి చరిత్రగా చదవడం మామూలే. చేసిన పనికి, పండించిన గింజకు లెక్క ఎవరి చేతిలో ఉండాలన్న తగాదాగా కూడా దాన్ని చదవవచ్చు.

హాలీ, కల్దార్

నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. హాలీ అంటే ప్రస్తుతం చలామణీలో ఉన్నది అని అర్థం. పక్కనున్న బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. కల్ అంటే యంత్రం. యంత్రంతో అచ్చయిన నాణెం కాబట్టి ఆ పేరు. ఈ రెంటికీ మారకం 7 హాలీలకు 6 కల్దార్లు.

ఈ 7:6 లెక్క వెండిలోనే ఉంది. మహబూబ్ అలీ ఖాన్ కాలపు హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దార్ బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. ఏడు హాలీలను కరిగించినా, ఆరు కల్దార్లను కరిగించినా మిగిలే వెండి ఇంచుమించు 64 గ్రాములే.

రైలు వచ్చాక ఈ తేడా మామూలు మనుషుల జేబుల్లోకీ వచ్చింది. నిజాం రైల్వే 1874లో సికింద్రాబాద్ చేరింది. అక్కడి నుంచి వరంగల్ మీదుగా సాగి 1889 నాటికి బెజవాడ తాకింది. మానుకోటలో రైలెక్కి బెజవాడలో దిగిన వ్యాపారి ఒకే రోజులో ఒక రూపాయి రాజ్యం నుంచి మరో రూపాయి రాజ్యానికి వెళ్లేవాడు. డబ్బు మార్చుకోవడానికి షరాబు దగ్గర ఆగాలి. షరాబు నాణేన్ని రాతి మీద మోగించి, గీటురాయి మీద గీసి, తూచి, బట్టా అనే మారకపు కోత తగ్గించుకుని మార్చి ఇచ్చేవాడు. ఈ ఊరి డబ్బు ఆ ఊళ్లో చెల్లుతుందో లేదో చెప్పే మధ్యవర్తి అతనే.

పెద్ద వ్యాపారులు నాణేల మూటలు మోయకుండా హుండీ వాడేవారు. ఒక ఊళ్లో సొమ్ము కట్టించుకున్న సావుకారు ఒక కాగితం రాసిచ్చేవాడు. మరో ఊళ్లో అతని మనిషి ఆ కాగితం చూసి సొమ్ము ఇచ్చేవాడు. చూపిన వెంటనే చెల్లించాల్సింది దర్శనీ హుండీ, గడువు మీద చెల్లించాల్సింది ముద్దతీ హుండీ. డబ్బు కదలకుండా డబ్బుకు బదులు గుర్తు కదలడం ఈ ప్రాంత వర్తకులకు కొత్త సంగతి కాదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు వెండి కరువులో, 1918 చట్టంతో, హైదరాబాద్ రాజ్యం సొంత కాగితం నోట్లు తెచ్చింది. 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంకును పెట్టింది. ఆ బ్యాంకు 1942 ఏప్రిల్ 5న పని మొదలుపెట్టింది. ఉస్మానియా సిక్కా అని కూడా పిలిచే హాలీ నిర్వహణ దాని బాధ్యత. రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక 1950లో భారత రూపాయి ఇక్కడ హాలీతో పాటు నడిచింది. 1951లో హాలీ జారీ ఆగింది. అది పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. మధ్యలో 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క పోయి నయాపైసల లెక్క వచ్చింది. పదేళ్లు తిరగకుండా సంతలో బేరమాడే మనిషి హాలీ నుంచి కల్దార్‌కు, అణా నుంచి పైసకు రెండు సార్లు లెక్క మార్చుకోవాల్సి వచ్చింది. నాణెంగా చెల్లని వెండి బిళ్ల మాత్రం విలువ పోగొట్టుకోలేదు. లంబాడీ స్త్రీల హారాల్లో పాత రూపాయి బిళ్లలు నగలయ్యాయి.

తక్‌పట్టీ, పాస్‌బుక్కు

హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ జరిగింది. 1980లో మరో ఆరు బ్యాంకులు జాతీయమయ్యాయి. 1923లో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు వాటిలో ఒకటి. గ్రామీణ బ్యాంకుల యుగం 1975లో మొదలైంది. వరంగల్ ప్రాంతానికి కాకతీయ గ్రామీణ బ్యాంకు వచ్చింది. అది 2006లో మరికొన్నిటితో కలిసి, వరంగల్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది.

బ్యాంకులు వచ్చినంత మాత్రాన డబ్బు దారి మారలేదు. మార్కెట్ యార్డుల్లో పాత వ్యవస్థే నడిచింది. మహబూబాబాద్, కేసముద్రం మార్కెట్లకు మిర్చి, మక్క, పత్తి తెచ్చిన రైతుకు మొదట తగిలేది కమీషన్ వ్యాపారి అయిన అడ్తిదారు. ఖరీదుదారు ధర పాడాక, దడువాయి కాంటా వేసి, హమాలీలు బస్తాలు దించాక రైతు చేతికి వచ్చేది తక్‌పట్టీ. తూకం, ధర, కమీషన్, కూలీ కోతలు రాసి, చివర నికరంగా రావాల్సిన మొత్తం వేసిన చీటీ అది. పంట మీద ముందే అప్పు తెచ్చుకుని ఉంటే ఆ బాకీ అక్కడే చెల్లయ్యేది. మిగిలినది ఇంటికి వచ్చేది. ఊళ్లో చిన్న వ్యాపారికి పెట్టుబడి గిరిగిరి అప్పుల ద్వారా, కుటుంబాల పొదుపు చిట్టీల ద్వారా తిరిగేది. రోజూ సాయంత్రం వచ్చి వసూలు చేసుకునే గిరిగిరి మనిషికి ముద్రలు, సంతకాలు అక్కర్లేదు. ముఖపరిచయమే పూచీ.

భూపాలపల్లిలో రెండు వేరు వేరు లెక్కలు నడిచాయి. అడవి అంచు పల్లెల్లో ఎండాకాలం తునికాకు కోత. 50 ఆకులు ఒక కట్ట. కళ్లం దగ్గర కట్టలు లెక్కపెట్టి, ఎండబోసి, కూలి రాసుకుంటారు. మరోవైపు సింగరేణి కాకతీయ ఖని గనుల్లో నెల తిరిగేసరికి జీతం. ఒకే మండలంలో కట్ట లెక్కన కూలి తీసుకునే కుటుంబం, జీతం చీటీ అందుకునే కుటుంబం పక్కపక్కన ఉండేవి. బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు మొదట అలవాటైంది జీతం చీటీ ఉన్న ఇంటికే.

పల్లెకు వచ్చిన మొదటి కార్డు

భారతదేశంలో కార్డుల చరిత్ర పట్నాలది. 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డులు తెచ్చాయి. 1987లో బొంబాయిలో మొదటి ఏటీఎం వచ్చింది. పాత వరంగల్ జిల్లా పల్లెలకు కార్డు వచ్చిన దారి వేరు. ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపు కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బ్యాంకులతో కలిసి 2007లో స్మార్ట్ కార్డులను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది వరంగల్ జిల్లాలోనే.

ఈ కార్డుతో దుకాణంలో సరుకు కొనలేరు, ఏటీఎంలో డబ్బు తీయలేరు. ఊళ్లోనే, వీలైతే మహిళా సంఘం సభ్యురాలే, చిన్న యంత్రం పట్టుకుని కూర్చునేది. కూలీ తన కార్డు ఇస్తే, యంత్రం మీద వేలు పెట్టించేవారు. కార్డులోని వేలిముద్ర, యంత్రం మీది వేలిముద్ర కలిస్తే రసీదు వచ్చేది, నగదు చేతికి అందేది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో ఈ పద్ధతి ఫలితాలను కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తాంకర్ పరిశీలించారు. 2016లో అచ్చయిన వాళ్ల పరిశోధన ప్రకారం, కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం 20 శాతం తగ్గింది. మధ్యలో జారిపోయే సొమ్ము కూడా బాగా తగ్గింది.

ఈ పద్ధతికి ఒక బలహీనత మొదటి నుంచీ ఉంది. నాటు వేసి, కలుపు తీసి, రాళ్లు మోసి అరిగిన వేళ్లకు గీతలు మిగలవు. యంత్రం మనిషిని గుర్తుపట్టదు. కార్డు చేతిలో ఉన్నా డబ్బు రాని స్థితి పల్లెలకు అప్పుడే పరిచయమైంది.

2012లో జాతీయ చెల్లింపుల సంస్థ రూపే కార్డు తెచ్చింది. 2014 ఆగస్టు 28న జన్ ధన్ యోజన మొదలయ్యాక ఖాతాతో పాటు రూపే కార్డు ఇంటింటికీ చేరింది. చాలా కార్డులు పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లోనే ఉండిపోయాయి. వాటిని ఎవరూ గీకలేదు, ఆన్‌లైన్‌లో వాడలేదు. ఆ సంగతి ఐదారేళ్ల తర్వాత అడ్డం తిరిగింది.

కొత్త జిల్లాలు, పాత నోట్లు

మూడు జిల్లాలు పుట్టిన 28 రోజులకు, 2016 నవంబర్ 8 రాత్రి, 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. పత్తి, మిర్చి, వరి చేతికొచ్చే రోజుల్లో మార్కెట్లలో నగదు కరువైంది. హాలీ పోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈ నోట్లు ఒక్క రాత్రిలో పోయాయి.

దానికి కొద్ది నెలల ముందే, 2016 ఏప్రిల్‌లో, జాతీయ చెల్లింపుల సంస్థ ఫోన్‌తో ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే యూపీఐని 21 బ్యాంకులతో ప్రారంభించింది. డిసెంబర్ 30న భీమ్ యాప్ వచ్చింది. ఫోన్‌పే, 2017 సెప్టెంబర్‌లో గూగుల్ తెచ్చిన తేజ్ ఆ దారిలోనే నడిచాయి. తేజ్ 2018లో గూగుల్ పే అయింది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్ 1న టి వాలెట్ తెచ్చింది. ఫోన్ లేనివాళ్లకు కూడా అందులో దారి పెట్టింది. 2018 మే నెలలో మొదలైన రైతు బంధు సాయం మొదటి విడత ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కుగా వచ్చింది. ఆ తర్వాతి విడత నేరుగా ఖాతాలో పడింది. పట్టాదారు ఖాతా, ఆ ఖాతాకు ముడిపడిన ఫోన్ నంబరు అప్పటి నుంచి ఇంటి ఆస్తి కాగితాల్లాంటివయ్యాయి.

అదే కాలంలో బ్యాంకుల పేర్లు మారాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరా బ్యాంకులోనూ కలిశాయి. గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. ఒక్కో విలీనంతో శాఖ కోడ్లు మారాయి, పాత కార్డుల బదులు కొత్తవి వచ్చాయి. ఇంటికి పోస్టులో వచ్చిన కొత్త కార్డును అందుకోనివాళ్ల చేతిలో మిగిలింది లేని బ్యాంకు పేరున్న ప్లాస్టిక్ ముక్క.

ఫోన్‌లోకి కార్డు ఎక్కే దారి

ఈ జిల్లాల్లో 'కార్డు యాడ్ అయితలేదు' అన్న మాట రెండు వేరు వేరు పనులకు వాడుతున్నారు. మొదటిది యూపీఐ. యాప్ తెరవగానే ఫోన్‌లోని సిమ్ నుంచి బ్యాంకు వ్యవస్థకు ఒక ఎస్సెమ్మెస్ దానంతట అదే వెళ్తుంది. ఆ నంబరు ఏ ఖాతాకు ముడిపడి ఉందో చూసి ఖాతాను చూపిస్తుంది. తర్వాత డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ అడుగుతుంది. ఓటీపీ వచ్చాక యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు. ఇక్కడ కార్డు డబ్బు చెల్లించదు; మనిషిని గుర్తుపట్టే తాళంచెవిగా ఒక్కసారి పనికొస్తుంది.

రెండోది అసలైన కార్డు వాలెట్. ఫోన్‌ను యంత్రం దగ్గర పెడితే కార్డు పెట్టినట్టే చెల్లింపు జరగడం. గూగుల్ 2011లో, యాపిల్ 2014లో ఈ పద్ధతిని తెచ్చాయి. శాంసంగ్ పే 2017 మార్చిలో భారత్‌కు వచ్చింది. పాత గీకుడు యంత్రాల దగ్గర కూడా పనిచేయడానికి అది కార్డు వెనక నల్ల పట్టీ పుట్టించే అయస్కాంత సంకేతాన్ని ఫోన్ నుంచే పంపేది.

కార్డు ఎక్కించేటప్పుడు తెర వెనక జరిగేది షరాబు పనికి దగ్గరగా ఉంటుంది. మొదట ఫోనే అంకెలను పరీక్షిస్తుంది. కార్డు నంబరులో చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కకట్టి పెట్టినది. హాన్స్ పీటర్ లూన్ అనే ఐబీఎం ఇంజనీరు 1950లలో కనిపెట్టిన లెక్క అది. ఒక అంకె తప్పు కొట్టినా అక్కడే దొరికిపోతుంది. తర్వాత నంబరును వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్‌కు పంపుతుంది. నెట్‌వర్క్ కార్డు ఇచ్చిన బ్యాంకును అడుగుతుంది. బ్యాంకు చెప్పే జవాబులు మూడు: సరే, ఇంకోసారి గుర్తింపు చూపాలి, కుదరదు. సరే అంటే అసలు నంబరు బదులు ఆ ఫోన్‌కు మాత్రమే పనికొచ్చే మారు నంబరు తయారవుతుంది. దాన్నే టోకెన్ అంటారు. ఫోన్ పోతే టోకెన్‌ను ఆపేస్తే చాలు, కార్డు మార్చుకోనక్కర్లేదు. కొత్త ఫోన్‌కు మాత్రం కొత్త టోకెన్ తీసుకోవాల్సిందే.

రిజర్వు బ్యాంకు 2019 జనవరి 8న టోకెన్లకు అనుమతి ఇచ్చింది. వినియోగదారు ఒప్పుకుంటేనే, అదనపు గుర్తింపు చూపాకే టోకెన్ చేయాలని, దానికి రుసుము తీసుకోరాదని చెప్పింది. 2022 అక్టోబర్ నుంచి దుకాణాల వెబ్‌సైట్లు అసలు కార్డు నంబరు దాచుకోవడం ఆగిపోయింది. 2022 సెప్టెంబర్ నుంచి రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి కలుపుకునే వీలొచ్చింది.

ఎక్కనప్పుడు

కార్డు ఎక్కకపోవడానికి కారణాలను బ్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి ఫోన్ వైపు రావడం తేలిక. చిక్కు చాలాసార్లు బ్యాంకు వైపే ఉంటుంది.

మొదటిది కార్డు కాలం. గడువు తీరిన కార్డు, విలీనానికి ముందు ఇచ్చిన కార్డు, తప్పు పిన్ పదేపదే కొట్టడం వల్ల ఆగిన కార్డు ఎక్కవు. కొత్త కార్డు వచ్చాక కూడా ఏటీఎంలో పిన్ పెట్టుకుని చాలుచేయకపోతే బ్యాంకు ఒప్పుకోదు.

రెండోది ఫోన్ నంబరు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నంబరు రీచార్జి లేక పోయి ఉండవచ్చు. వేరేవాళ్లకు కేటాయించి కూడా ఉండవచ్చు. కొడుకు నంబరు తల్లి ఖాతాకు ఇచ్చిన ఇళ్లు ఉన్నాయి. తల్లి ఫోన్‌లో యాప్ పెడితే ఎస్సెమ్మెస్ వేరే నంబరు నుంచి వెళ్తుంది, ఖాతా కనబడదు. రెండు సిమ్‌ల ఫోన్‌లో తప్పు సిమ్ ఎంచుకున్నా అంతే. సిమ్‌లో ఎస్సెమ్మెస్‌కు సరిపడా బ్యాలెన్స్ లేకపోయినా, అడవి అంచున సిగ్నల్ అందకపోయినా పని మధ్యలో ఆగుతుంది.

మూడోది మూసి ఉన్న తలుపు. రిజర్వు బ్యాంకు 2020 జనవరి ఆదేశం ప్రకారం కొత్త కార్డు ఏటీఎంలోనూ, దుకాణం యంత్రం మీదా మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్ చెల్లింపును, తాకించి చెల్లించే పద్ధతిని కార్డుదారే తెరుచుకోవాలి. అంతకుముందు ఎప్పుడూ ఆన్‌లైన్‌లో వాడని పాత కార్డులకు ఆ తలుపును బ్యాంకులే మూసేశాయి. పాస్‌బుక్కు కవర్లో నిద్రపోయిన జన్ ధన్ కార్డులు వాలెట్‌లోకి ఎక్కకపోవడానికి ఇది పెద్ద కారణం. బ్యాంకు యాప్‌లోనో, ఏటీఎంలోనో, శాఖలోనో ఆ వాడుకను తెరిపించుకుంటే చిక్కు వీడుతుంది.

నాలుగోది నిద్రాణమైన ఖాతా. రెండేళ్లు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా నిద్రాణం అవుతుంది. గుర్తింపు పత్రాలతో శాఖకు వెళ్లి మేల్కొల్పేదాకా దాని కార్డు కూడా పనిచేయదు.

ఐదోది ఒప్పందం. ప్రతి బ్యాంకు ప్రతి వాలెట్‌తో కలవలేదు. కార్డులో లోపమేమీ లేకపోయినా బ్యాంకు, వాలెట్ మధ్య ఒప్పందం లేకపోతే ఆ కార్డు అక్కడ చెల్లదు. 2024 మే నెలలో భారత్‌కు వచ్చిన గూగుల్ వాలెట్ యాప్ టికెట్లు, పాసులు దాచుకోవడానికి వచ్చింది, కార్డు చెల్లింపులకు కాదు. అమెరికా చదువుకు వెళ్లిన విద్యార్థికి ఇదే తేడా ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఊరి బ్యాంకు కార్డు అక్కడి ఫోన్ వాలెట్‌లోకి ఎక్కకపోవచ్చు. అక్కడి బ్యాంకు కార్డు ఎక్కించేటప్పుడు ఇంటి చిరునామా, జిప్ కోడ్ బ్యాంకు రికార్డులో ఉన్నట్టే కొట్టకపోతే తిరస్కారం వస్తుంది. బెజవాడలో హాలీకి ఎదురైన ఇబ్బంది లాంటిదే ఇది.

చివరిది ఫోన్. తాకించి చెల్లించడానికి ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ, అంటే దగ్గరి యంత్రంతో తీగ లేకుండా మాట్లాడే చిప్, ఉండాలి. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. తెర తాళం పెట్టుకుని ఉండాలి. రూట్ చేసిన, అంటే లోపలి రక్షణ తాళాలు తీసేసిన, ఫోన్‌ను వాలెట్లు నమ్మవు. పాత ఆండ్రాయిడ్ మీద, నవీకరించని యాప్ మీద కూడా పని ఆగుతుంది. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా కుదరకపోతే, పదేపదే ప్రయత్నించడం వల్ల బ్యాంకు అనుమానించి కాసేపు అడ్డుకునే వీలుంది. ఒక రోజు ఆగి మళ్లీ చూడాలి.

ఈ చిక్కు చుట్టూ మోసం కూడా పెరిగింది. కార్డు ఎక్కడం లేదని ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికినవాళ్లకు నకిలీ నంబర్లు దొరుకుతున్నాయి. అవతలివాడు తెర చూసే యాప్ పెట్టిస్తాడు, ఓటీపీ అడుగుతాడు, ఖాతా ఖాళీ అవుతుంది. కార్డు వెనక ముద్రించిన నంబరుకే ఫోన్ చేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫిర్యాదు చేయాలి.

కార్డు లేనివాళ్లకు, కార్డు ఎక్కనివాళ్లకు వేరే దారులున్నాయి. ఫోన్ నంబరు ఆధార్‌తోనూ బ్యాంకుతోనూ ముడిపడి ఉంటే డెబిట్ కార్డు లేకుండానే ఆధార్ ఓటీపీతో యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు. బటన్ ఫోన్ ఉన్నవాళ్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది. ఊళ్లోని మినీ బ్యాంకు దగ్గర ఆధార్ వేలిముద్రతో నగదు తీసుకోవచ్చు.

నంబరు మార్పు, నిద్రాణమైన ఖాతా, పేరులో తేడా అనే మూడు పనులకు మాత్రం చాలామంది ఇప్పటికీ శాఖకే వెళ్తున్నారు. కౌంటర్ దగ్గర ఇచ్చే దరఖాస్తు కాగితమే. కింద సంతకం చేయాలి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయాలి. ఆ కాగితం మీద బ్యాంకు ముద్ర పడి, కొత్త నంబరు ఖాతాకు ఎక్కిన తర్వాతే ఫోన్‌లో కార్డు ఎక్కుతుంది.